బుట్ట ఆగిన చోటల్లా

ఆకు మీద తెల్లగీత కనబడగానే మందు డబ్బా కోసం పరిగెత్తేవాళ్లను చూస్తే నాకు ఈ వయసులోనూ ఒళ్లు మండుతుంది. గీత గీసింది ఎవరో తెలియదు. వాడు లోపల ఉన్నాడో, ఎప్పుడో వెళ్లిపోయాడో తెలియదు. అయినా కొట్టేస్తారు. ఈ మాట అన్నప్పుడల్లా మీలాంటి చిన్నవాళ్లు, "మీరు మాత్రం ఎప్పుడూ తప్పు చెప్పలేదా తాతగారూ?" అని అడుగుతారు. చెప్పాను. ఒకసారి, గట్టిగా, కాగితం మీద సంతకం పెట్టి మరీ చెప్పాను. దాంతో ఒక మనిషి కొంప మునగబోయింది. మీకు నీతులు చెప్పే ముందు ఆ సంగతి చెప్పడం మర్యాద.

నేను తోటమాలిని కాను. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, ఆఫీసు వెనక స్టోరులో ఖలాసీని. పారలు, గునపాలు, రబ్బరు గొట్టాలు, పురుగుమందు డబ్బాలు రాసి ఇవ్వడం, రాసి తీసుకోవడం నా ఉద్యోగం. బడి ఎనిమిదో తరగతితో ఆగిపోయింది గాని చదవడం నేను ఆపలేదు. మందు ఇచ్చేవాడికి అది దేని మీద కొడుతున్నారో తెలియకపోతే ఎలా అన్న రోషంతో మొదలుపెట్టాను. తార్‌బహార్‌లో పాత కాగితాల కొట్టులో తూకానికి అమ్మే పుస్తకాల మధ్య పురుగుల బొమ్మలున్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. అట్ట లేదు, మొదటి అరవై పేజీలూ లేవు. నిఘంటువు పక్కన పెట్టుకుని మూడేళ్లు చదివాను. గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి తగిలించుకునే భూతద్దం కూడా ఒకటి సంపాదించాను.

ఆ రోజుల్లో నాకు బాగా పట్టుబడినవి ఆకు తొలిచే పురుగులు. ఆకుకి పై పొర, కింది పొర ఉంటాయి. ఆ రెంటి మధ్య దూరి, పచ్చటి గుజ్జు తింటూ పోయే పురుగులు కొన్ని ఉన్నాయి. అవి తిన్నంత మేరా తెల్లటి దారి మిగులుతుంది. ఒక్కోదాని దారి ఒక్కో తీరు. నిమ్మ ఆకులో వెండి పూత వేసినట్టు మెరుస్తూ, నడుమ సన్నటి నల్లగీతతో పోయేది దీపం చుట్టూ తిరిగే రకం చిన్న రెక్కలపురుగు పిల్ల. శీతాకాలం పోయే రోజుల్లో, మా ఊరి మాటలో ఫాగున్‌లో, హాలీహాక్, నస్టర్షియం పూలమొక్కల ఆకుల మీద వంకరటింకర ముగ్గు వేసేది ఒక చిన్న ఈగ పిల్ల. తిండి పూర్తయ్యాక అది ఆ దారి చివరే, ఆకు లోపలే గూడు కట్టి పడుకుంటుంది. వేలితో తడిమితే నువ్వుగింజంత బొడిపె తగులుతుంది. అందుకని ఆ ఆకులు తుంపి తగలబెడితే పీడ వదిలినట్టే.

ఈ పాటి చెప్పగలిగే మనిషి కాలనీలో వేరే లేడు. దొరల భార్యలు కవర్లలో ఆకులు పెట్టి ప్యూన్ల చేత పంపించేవారు. కాలనీ పూలనర్సరీలో పనిచేసే వాళ్లు నాకు పురుగుల డాక్టరని పేరు పెట్టారు. వెక్కిరించడానికే పెట్టారు. నేను దాన్ని బిరుదుగా తీసుకున్నాను.

నర్సరీకి పెద్దమాలీ సోంపేట వైపు మనిషి. నా కంటే పదిహేనేళ్లు పెద్ద. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఆయన నన్ను అల్లుడా అనేవాడు, నేను మావా అనేవాణ్ణి. సంతకం తప్ప వేరే అక్షరం రాదు ఆయనకి. ఆ నర్సరీ నేల ఒకప్పుడు ఇంజన్ల బొగ్గు బూడిద పారబోసిన చోటు. ఇరవై ఏళ్లపాటు ఆకు ఎరువు వేసి, మట్టి మోయించి, అక్కడ మొక్క బతికేలా చేసింది ఆయనే. ఏటా నాలుగు వందల కుండీల చామంతి తీసేవాడు. చలికాలం పువ్వుల పోటీకీ, పెద్ద అధికారులు వచ్చినప్పుడు మెట్ల మీద పేర్చడానికీ అవే. నేను చెప్పబోయే ఏడాది, తొంభైల మొదట్లో, ఆయనకి రిటైరు కావడానికి ఎనిమిది నెలలుంది.

రైల్వే మాలీల్లో ఒక ఆచారం ఉండేది. ఒక ఊరి చామంతి పిలక ఇంకో ఊరికి వెళుతుంది. తడిపిన గోనెగుడ్డలో చుట్టి, తెలిసిన గార్డు చేతికిస్తే అతను రైలు చివర తన బ్రేక్‌వ్యానులో పెట్టుకుని దింపేస్తాడు. కాగితం లేదు, ముద్ర లేదు. ఆ వర్షాకాలంలో అలా దూరం నుంచి కొత్తరకం పచ్చచామంతి పిలకలు వచ్చాయి. దసరా వెళ్లింది, ఎండ ఇంకా తగ్గలేదు, కుండీల్లో తెల్లగీతలు కనబడ్డాయి.

పెద్దమాలీ ఆకు ఒకటి తుంపి స్టోరుకి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"అల్లుడా, ఇది మన ఫాగున్ పురుగు కాదు. ఇంత ఎండలో అది రాదు. ఎప్పుడైనా వొచ్చినాదేటి?"

నేను భూతద్దం పెట్టి అరనిమిషం చూశాను. అదే వంకరటింకర దారి. లోపల అదే రకం పచ్చటి పురుగు.

"అదే మావా. ఈ ఏడు తొందరపడింది."

"పురుగుకి తొందరేటి. తొందర నీకున్నాది."

వెనక వచ్చిన ఆడకూలీలు నవ్వారు. ఆ నవ్వుతో నా బుర్ర ఇంకా బిగుసుకుంది. అక్కడికక్కడే ఆరు కొత్త వెదురుబుట్టలు రాసి ఇచ్చాను. ఇలా చెయ్యండని చెప్పాను: ప్రతి వరస మొదట్లో బుట్ట పెట్టుకోవాలి, గీతలున్న ఆకులన్నీ తుంపి అందులో వెయ్యాలి, ఆ వరస అయ్యాక బుట్టని పక్క వరసకి జరపాలి, నిండాక తీసుకెళ్లి తగలబెట్టాలి. వారానికోసారి మందు కొట్టాలి. పెద్దమాలీ తల ఊపాడు. ఒప్పుకున్నాడో, విసుక్కున్నాడో నేను చూడలేదు.

దీపావళి నాటికి సగం కుండీలు పాడయ్యాయి. ముందు కింది ఆకులు, తర్వాత పై ఆకులు, గోధుమరంగు కాగితంలా ఎండిపోయాయి. మొగ్గ వేసిన మొక్కలు మొగ్గతోనే వేలాడాయి.

తోటలన్నీ మా ఇంజనీరు సాబ్ అధీనంలో ఉండేవి. ఆయన హిందీ మనిషి, ఉద్యోగానికి కొత్త, మాట కటువు. పోటీ దగ్గర పడుతోంది, పైవాళ్లకి జవాబు ఆయన చెప్పుకోవాలి. నర్సరీ అంతా తిరిగి, నన్ను పిలిపించి, "నువ్వు చదివినవాడివట కదా, ఇదేమిటో రాసివ్వు," అన్నాడు. ఆయన నన్ను చదివినవాడు అన్నాడు. ఇక ఆగుతానా? ఇంగ్లీషులో ఐదు వాక్యాలు రాశాను. ఇది పాత పురుగే, ఆకులు శ్రద్ధగా తుంపి తగలబెట్టి ఉంటే, మందు అన్ని వరసలకీ వేళకు కొట్టి ఉంటే ఇంత వ్యాపించేది కాదు, అన్నది సారాంశం. నాలుగు వరసలకి మందు కొట్టలేదని నాకు తెలుసు. డబ్బాలో మందు మిగిలినట్టు నా పుస్తకంలో ఉంది. అదీ రాశాను.

వారం తిరక్కుండా పెద్దమాలీకి చార్జిషీటు వచ్చింది. నిర్లక్ష్యం, ఆజ్ఞ పాటించకపోవడం. విచారణ అయ్యేదాకా నర్సరీలో అడుగు పెట్టకూడదు. యార్డులో పట్టాల పక్క గడ్డి కోసే గ్యాంగుతో పనిచెయ్యాలి. తప్పు రుజువైతే పెద్దమాలీ పదవి పోతుంది, మిగిలిన ఎనిమిది నెలలూ ఆ గడ్డి దగ్గరే గడుస్తాయి. ఆ కాగితంలోని రెండు వాక్యాలు నావే. అక్షరం మార్చలేదు.

మర్నాడు పొద్దున ఆయన స్టోరుకి వచ్చాడు. అంటు కట్టే చిన్నకత్తి నా బల్ల మీద పెట్టాడు.

"ఇది జమ సేసుకో. కొడవలియ్యి."

పుస్తకంలో రాసుకున్నాను. కొడవలి ఇచ్చాను. ఆయన దాని పదును బొటనవేలితో చూసి, తల ఎత్తకుండా అడిగాడు.

"నా మీద ఏటి రాసినావు అల్లుడా?"

"ఉన్నదే రాశాను మావా. నాలుగు వరసలకి నువ్వు మందు కొట్టలేదు. నిజం కాదా?"

"నిజమే."

"మరి?"

"మరేటి. ఆ నాలుగు వరసలూ ఎలగున్నాయో పోయి సూసినావేటి? ఆకు నీ బల్ల కాడికి తెస్తే సూస్తావు. వరస నీ బల్ల కాడికి రాదు గదా."

సంతకం పెట్టి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టేవాణ్ణి. తిట్టలేదు. నాకది ముల్లులా దిగింది. సరే, ఇది ఫాగున్ పురుగు కాదన్న ఈయన మాట తప్పని విచారణలో అందరిముందూ చూపిస్తాను అనుకున్నాను. గూడు కట్టిన పురుగులున్న ఆకులు ఒక యాభై పట్టుకెళితే చాలు, వాదన ఉండదు. సాయంత్రం డ్యూటీ దిగాక నర్సరీకి వెళ్లి, ఒక చిన్నబుట్ట నిండా గీతలున్న ఆకులు కోసుకుని ఇంటికి తెచ్చాను. వరండాలో కూర్చుని ఒక్కొక్క ఆకూ వేలితో తడిమాను. బొడిపె తగల్లేదు. నలభై ఆకులు తడిమినా ఒక్కటీ తగల్లేదు. ఇంకా ముదరలేదు కాబోలు, పొద్దున చూద్దాం అని బుట్టని పాత పేపరు మీద పెట్టి వదిలేశాను.

పొద్దున వరండా ఊడుస్తూ మా ఆవిడ పిలిచింది.

"ఏటండీ, పేపరు మీద రవ్వ పోసినారేటి?"

"రవ్వేమిటి?"

"బుట్ట కింద. గోధుమరవ్వలాగుంది. కొంత పాకతంది కూడాను. ఉప్మా సెయ్యమంతారేటి?"

వెళ్లి చూశాను. బుట్ట ఎత్తితే, అది ఉన్నంత మేరా, వెదురు అల్లిక సందుల్లోంచి రాలినవి పడి ఉన్నాయి. కొన్ని పచ్చటి పురుగులు, కాళ్లు లేనివి, పేపరు మడతల్లోకి దూరుతున్నాయి. కొన్ని అప్పటికే బిగిసి బంగారురంగు గింజలైపోయాయి. ఆకు ఒకటి తీసి వెలుతురుకి పెట్టి చూస్తే దారి చివర బ్లేడుతో కోసినట్టు చిన్న గాటు. లోపల ఖాళీ.

మా ఫాగున్ పురుగు ఆకులో పడుకుంటుంది. ఇది పడుకోదు. తెల్లవారేసరికి ఆకు కోసుకుని బయటికొచ్చి మట్టిలో పడి, అక్కడ గూడు కడుతుంది. ఇది వేరే ఈగ. అమెరికా వైపు నుంచి పువ్వుల మొక్కలతో మన దేశంలోకి కొత్తగా వచ్చిందని చాలా రోజుల తర్వాత ఒక వ్యవసాయ కాలేజీ మాస్టారు సూక్ష్మదర్శినిలో చూసి చెప్పాడు. ఆ పొద్దున నాకు పేరు అక్కర్లేకపోయింది. బుట్టలు గుర్తొచ్చాయి.

పళ్లు కూడా తోముకోకుండా నర్సరీకి పోయాను. మొదటి వరస మొదట్లో, బుట్ట పెట్టే చోట, మట్టి గోకాను. గింజలు. రెండో వరసలో గోకాను. గింజలు. వరస చివర గోకితే నాలుగో ఐదో. బుట్ట ఆగిన చోటల్లా మొక్క కాలినట్టుంది. దూరం పోయేకొద్దీ ఆకు పచ్చగా ఉంది. ఇన్నాళ్లూ ఆ నర్సరీ గుమ్మంలో నిలబడి చూశాను గాని, ఇది నా కంట పడలేదు.

తోర్వా నుంచి వచ్చే ఒక కూలీ ఆవిడ నా వెనక నిలబడి, "కా దేఖత్ హస్ బాబూ?" అంది. ఏం చూస్తున్నావని.

నేను ఆమెని అడిగాను. సాయంత్రానికి బుట్ట నిండకపోతే ఏం చేసేవాళ్లు?

"అక్కడే ఉంచేవాళ్లం. నిండాక తగలబెట్టమన్నావు కదా," అంది.

అన్నాను. ఆ మాట అన్నది నేనే. పురుగుని వరస వరసకీ మోయించి, రాత్రంతా అక్కడే ఉంచి, పొద్దున రాల్చి, మళ్లీ పక్క వరసకి జరిపించాను. వ్యవసాయదారుడు విత్తనం ఇంత పద్ధతిగా చల్లడు.

తర్వాత మందు కొట్టని నాలుగు వరసలకి వెళ్లాను. అక్కడా గీతలున్నాయి, కాని చాలా గీతలు మధ్యలోనే ఆగిపోయాయి. ఆకు చీల్చి భూతద్దంలో చూస్తే పురుగు నల్లబడి చచ్చి ఉంది. దాని పక్కన దానికంటే చిన్నది ఇంకేదో పిల్ల, దాన్ని తింటూ. ఆ వరసల మొక్కలు మొగ్గ విప్పుతున్నాయి.

విచారణకి ఇంకా రెండు రోజులుంది. ఒక పూటంతా ఆలోచించానని దాచుకోకుండా చెబుతున్నాను. ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు మూసుకుంటే డాక్టరు డాక్టరుగానే ఉంటాడు. కాని, స్టోరులో కూర్చుంటే ఆ రిజిస్టరులో చిన్నకత్తి జమ రాసిన పేజీయే కళ్ల ముందుకొచ్చేది. ఇరవై ఏళ్లు బూడిదని మట్టి చేసినవాణ్ణి నా ఐదు వాక్యాలు గడ్డిలోకి తోశాయి. ఇంకొకడు ఆ పని చేసి ఉంటే వాణ్ణి నేను ఊరంతా తిట్టి ఉండేవాణ్ణి.

విచారణ రోజు ఇంజనీరు సాబ్ గదిలోకి పేపరు పొట్లం, గీతల ఆకులు, నా పాత రిజిస్టరు ఒకటి పట్టుకెళ్లాను. పెద్దమాలీ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. చేతుల నిండా గడ్డి కోసిన గాట్లు.

"నువ్వు రాసింది చదువుతాను, అవునో కాదో చెప్పు చాలు," అన్నాడు సాబ్.

"చదవక్కర్లేదు సాబ్. రాసింది నేనే. తప్పు రాశాను."

ఆయన కలం కింద పెట్టాడు. "అచ్ఛా. ఇప్పుడు ఏమిటి కొత్త కథ?"

రిజిస్టరు తెరిచాను. అందులో కిందటి ఫాగున్‌లో నొక్కి దాచిన నస్టర్షియం ఆకులున్నాయి. "వేలు పెట్టి చూడండి," అన్నాను. ఆయన ఏమనుకున్నాడో, వేలు పెట్టాడు. దారి చివర బొడిపె తగిలింది. తర్వాత చామంతి ఆకు ఇచ్చాను. అటూ ఇటూ తడిమాడు.

"ఇందులో ఏం లేదు."

"లేదు సాబ్. ఇక్కడుంది." పొట్లం విప్పి గింజలు ఆయన బల్ల మీద పోశాను. బుట్టల సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆయన మధ్యలో ప్రశ్నలు వేశాడు.

"బుట్టలు ఎవరిచ్చారు?"

"నేనే సాబ్."

"వరస వరసకీ జరపమన్నది?"

"నేనే."

"నిండేదాకా ఉంచమన్నది?"

"అదీ నేనే."

గోడ దగ్గర్నుంచి పెద్దమాలీ తెలుగులో గొణిగాడు. "అన్నీ ఆడే సేసినానంతాడు. మరి నన్నెందుకు నిలబెట్టినారు?"

సాబ్‌కి తెలుగు రాదు. ఏమంటున్నాడని నన్నడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు. పెద్దమాలీ వైపు తిరిగి, "నాలుగు వరసలకి మందు ఎందుకు కొట్టలేదు? ఆజ్ఞ ఆజ్ఞే కదా," అన్నాడు.

పెద్దమాలీ విరిగిన హిందీలో నెమ్మదిగా చెప్పాడు. "మొదటిసారి మందు కొట్టినప్పుడు ఆకుల మీద దోమంత నల్ల కందిరీగలు చచ్చి పడ్డాయి సాబ్. అవి గీతల చుట్టూ తిరగడం నేను ముందే చూశాను. గీతలు మాత్రం ఆగలేదు. అందుకని నాలుగు వరసలు వదిలి చూద్దామనుకున్నాను. చెబితే ఈ డాక్టరు వినడు."

వినేవాణ్ణి కాదు. నిజమే. మందు కొట్టని వరసల్లో పురుగుని తింటూ నాకు కనబడిన పిల్లలు ఆ కందిరీగలవే. పుస్తకంలో నాకు దొరకని మొదటి అరవై పేజీల్లో ఏముందో నాకు తెలియదు గాని, ఈయన ఆ నల్ల కందిరీగల్ని ఏ పుస్తకమూ లేకుండా, భూతద్దం లేకుండా పట్టుకున్నాడు.

సాబ్ లేచి, టోపీ పెట్టుకుని, మా ఇద్దర్నీ తీసుకుని నర్సరీకి నడిచాడు. వరస మొదట్లో తనే వంగి మట్టి గోకాడు. నాలుగో చోట గోకాక చేతులు దులుపుకుని, "ఈ మనిషిని గ్యాంగు నుంచి ఇవాళే వెనక్కి పిలవండి," అని గుమస్తాకి చెప్పాడు. నా వైపు చూసి, "నీ సంగతి తర్వాత," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే పెద్దమాలీ నా బల్ల దగ్గరికొచ్చి కొడవలి పెట్టాడు. కత్తి ఇచ్చాను. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను.

"అది తర్వాత ఏడుద్దువు గాని," అన్నాడు. "మూతలున్న బకెట్లు ఎన్నున్నాయి నీ కాడ?"

పదకొండున్నాయి. పదకొండూ ఇచ్చాను. ఆకులు బకెట్లలోకి తుంపించి, మూత పెట్టించి, ఏ రోజువి ఆ రోజే కాల్చేశాం. కుండీల పైమట్టి రెండంగుళాలు తీసి మార్చాం. ఆ ఈగకి పసుపురంగంటే పిచ్చని గమనించింది నేనే, ఇది నా గొప్పే. స్టోరులో బోర్డులకి వేసే పసుపురంగు ఉంటే రేకుముక్కలకి వేసి, వాటి మీద గ్రీజు పూసి వరసల మధ్య పాతాం. రెండు రోజుల్లో రేకులు అంటుకున్న ఈగలతో నల్లబడ్డాయి. అయినా ఆ ఏడు పోటీకి వెళ్లినవి ఆ నాలుగు వరసల పువ్వులే. బహుమతి రాలేదు. కుండీలు తక్కువని.

పెద్దమాలీ ఆషాఢంలో నర్సరీ నుంచే, పెద్దమాలీగానే రిటైరయ్యాడు. ఆఖరి రోజు వచ్చే ఏటి పిలకలు కుండీల్లో గుచ్చుతూనే ఉన్నాడు. దండ వేస్తామని పిలిస్తే, ఈ వరస అయ్యాక వస్తానన్నాడు.

నా సంగతి కూడా తేలింది. ఒక హెచ్చరిక ఉత్తరం వచ్చింది, సర్వీసు పుస్తకంలో అతికించారు. నకలు నా దగ్గరుంది. తనకు సంబంధం లేని విషయంలో తప్పుడు అభిప్రాయం ఇచ్చినందుకు, అని ఉంటుంది అందులో. తప్పుడు అభిప్రాయం అన్నంతవరకు నేను ఆనాడే సంతకం పెట్టాను, ఇవాళ అడిగినా పెడతాను. సంబంధం లేని విషయం అన్న మాటకి మాత్రం అభ్యంతరం చెబుతూ జవాబు రాశాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏటా ఒకసారి రాశాను. వాళ్లు ఆ మాట కొట్టెయ్యలేదు. నేను ఒప్పుకోలేదు.